ప్యానెల్ ఎఫిషియెన్సీ పెంచుతామంటున్న స్టార్టప్‌లో 50 లక్షలు: విశాఖలో ఏం చూసి పెట్టాలి?

సీతమ్మధార_ఐదుగురు · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం తలా 10 లక్షలు వేసి సోలార్ రంగంలో ఒక స్టార్టప్‌లో పెట్టాలనుకుంటున్నాం. రెండు ప్రతిపాదనలు చేతిలో ఉన్నాయి. కంపెనీల పేర్లు ఇక్కడ రాయను.

మొదటిది నానో కోటింగ్. ఇప్పటికే మిద్దె మీద ఉన్న ప్యానెళ్ళ అద్దం మీద పూస్తే జనరేషన్ 12% పెరుగుతుందంటున్నారు. రెండోది సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం పొర వేసే టాండమ్ (రెండు పొరల) సెల్. ల్యాబ్‌లో 28% ఎఫిషియెన్సీ (పడిన ఎండలో కరెంటుగా మారే భాగం) వచ్చిందని చెబుతున్నారు, పైలట్ లైనుకి (చిన్న స్థాయి ప్రయోగాత్మక తయారీ లైను) డబ్బు కావాలట.

ఇద్దరి ప్రెజెంటేషన్లూ బాగున్నాయి. అయితే ఏ ప్రశ్నలు అడగాలో, ఏ కాగితం చూపించమనాలో మాకు తెలియడం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

ఫ్లాష్‌టెస్టర్ · శుక్రవారం రాత్రి 9:58

ముందు కోటింగ్ సంగతి చూద్దాం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, కాగితం మీదే తేలిపోతుంది.

మామూలు అద్దం మీద పడిన వెలుతురులో సుమారు 4% పై ఉపరితలం దగ్గరే తిరిగి వెళ్ళిపోతుంది. అద్దం కింద ఈవీఏ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర అతుక్కుని ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా నష్టం లేదు. అంటే పైన ఏం పూసినా తిరిగి రాబట్టుకోగలిగింది ఆ 4 లోపే. ఎదురుగా పడే ఎండలో మంచి యాంటీ రిఫ్లెక్షన్ పూత ఇచ్చేది 2 నుంచి 3%. ఆ పూత ఇప్పుడొచ్చే ప్యానెళ్ళలో దాదాపు అన్నిటికీ ఫ్యాక్టరీలోనే వేసి ఉంటుంది. అది సూక్ష్మ రంధ్రాలున్న సిలికా పొర. ఆ రంధ్రాలలో గాలి ఉండబట్టే పని చేస్తుంది. దాని మీద ఇంకో ద్రవం పూస్తే రంధ్రాలు పూడిపోయి, ఉన్న లాభం కూడా తగ్గవచ్చు.

మరి 12% ఎక్కడిది? చాలాసార్లు జరిగేది ఇదీ: పూత వేసే ముందు ప్యానెళ్ళని శుభ్రంగా కడుగుతారు. ముందు లెక్క మురికి ప్యానెల్‌ది, తర్వాత లెక్క కడిగిన ప్యానెల్‌ది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం బకెట్ నీళ్ళు తెచ్చిందే.

వాళ్ళని ఒకే ప్రశ్న అడగండి: కడిగి పూత వేయని ప్యానెల్‌కీ, కడిగి పూత వేసిన ప్యానెల్‌కీ పక్కపక్కన పెట్టి కొలిచిన తేడా ఎంత?

దుమ్ము అంటకుండా ఆపడం మాత్రం వేరే లాభం, అది నిజంగానే ఉండొచ్చు. కానీ అప్పుడు వాళ్ళు అమ్మేది ఎఫిషియెన్సీ కాదు, కడగడానికయ్యే ఖర్చులో ఆదా. దానికి వ్యాపార లెక్క పూర్తిగా వేరు.

---

సీతమ్మధార_ఐదుగురు · శుక్రవారం రాత్రి 10:20

ధన్యవాదాలండీ. వాళ్ళు ఇన్వర్టర్ యాప్ నుంచి గ్రాఫ్ చూపించారు. పూతకి ముందు 15 రోజులు, తర్వాత 15 రోజులు. రెండో సగంలో యూనిట్లు స్పష్టంగా ఎక్కువ. దాన్ని అసలు లెక్కలోకి తీసుకోకూడదా?

---

ఫ్లాష్‌టెస్టర్ · శుక్రవారం రాత్రి 10:31

తీసుకోకూడదు. ఆ రెండు పక్షాల్లో ఎండ ఒకేలా ఉందని ఎవరు చెప్పారు? విశాఖలో సెప్టెంబరు రెండో పక్షాన్ని అక్టోబరు మొదటి పక్షంతో పోల్చినా, ఒక్క వాయుగుండం పట్టిందంటే లెక్క తారుమారు. ప్యానెల్ వాలులోనే పెట్టిన పైరానోమీటర్ (ఎండ తీవ్రత కొలిచే పరికరం) రీడింగ్ లేని ముందు-తర్వాత గ్రాఫ్‌కి విలువ లేదు. ఇన్వర్టర్ యాప్‌లో డీసీ రీడింగ్ కూడా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది.

---

పెరోవ్‌స్కైట్_వైజాగ్ · శనివారం ఉదయం 7:05

టాండమ్ గురించి నేను రాస్తాను. ఇది పస ఉన్న సాంకేతికత, కోటింగ్‌తో ఒకే గాటన కట్టవద్దు.

ఒకే జంక్షన్ (వెలుతుర్ని కరెంటుగా మార్చే ఒకే పొర) ఉన్న సెల్‌కి సిద్ధాంతపరమైన హద్దు 33.7% దగ్గర. సిలికాన్‌కైతే 29.4%. ప్రయోగశాలల్లో సిలికాన్ ఇప్పటికే 27 దాటింది, కనుక అక్కడ ఇంకా మిగిలింది కొంచెమే. సిలికాన్‌లో చాలా భాగం వేడిగా వృథా అయ్యే నీలి, ఆకుపచ్చ కాంతిని పై పొరలో పెరోవ్‌స్కైట్ పట్టుకుంటుంది. అందుకే టాండమ్. 2009లో జపాన్‌లో మియసాకా బృందం పెరోవ్‌స్కైట్ సెల్‌తో 3.8% చూపింది. 2024లో లాంగీ కంపెనీ సిలికాన్-పెరోవ్‌స్కైట్ టాండమ్‌తో 34.6%కి, 2025లో 34.85%కి చేరింది.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో అంకె పెట్టుకోండి. ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024 సెప్టెంబరులో మొదటిసారి కస్టమర్‌కి పంపిన టాండమ్ ప్యానెళ్ళ ఎఫిషియెన్సీ 24.5%. 34 అంకె ఒక చదరపు సెంటీమీటరు సెల్‌ది. 24.5 అంకె మిద్దె మీద పెట్టగలిగే ప్యానెల్‌ది. మీరు పెట్టే డబ్బంతా ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం దాటడానికే ఖర్చవుతుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఇవి అడగండి:

సెల్ వైశాల్యం ఎంత? 0.09 చదరపు సెంటీమీటర్ల మీద వచ్చిన 28%కీ, 182 మిల్లీమీటర్ల వేఫర్ మీద వచ్చిన 28%కీ పోలికే లేదు. ఆ వేఫర్ వైశాల్యం దాదాపు 330 చదరపు సెంటీమీటర్లు. చిన్న చుక్క మీద పొర సమంగా రావడం తేలిక. పెద్ద పలక మీద ఒక్క పిన్‌హోల్ (సూదిమొనంత రంధ్రం) పడ్డా షంట్ అవుతుంది, అంటే కరెంటు అక్కడే లీకైపోతుంది.

ఐవీ కర్వ్ (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచిన గీత) ఏ దిశలో తీశారు? పెరోవ్‌స్కైట్‌లో అయాన్లు కదులుతాయి కాబట్టి ఎక్కువ వోల్టేజీ నుంచి కిందికి స్కాన్ చేస్తే ఒక అంకె, కింది నుంచి పైకి చేస్తే ఇంకో అంకె వస్తుంది. రెండూ చూపించమనండి. వాటికంటే ముఖ్యం, గరిష్ఠ పవర్ పాయింట్ దగ్గర కనీసం కొన్ని నిమిషాలు నిలకడగా పట్టి ఉంచినప్పుడు వచ్చిన అంకె.

కొలిచింది ఎవరు? సొంత ల్యాబా, బయటి ల్యాబా? మన దేశంలో గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ ఉంది. బయట జర్మనీలో ఫ్రాన్‌హోఫర్, అమెరికాలో ఎన్‌ఆర్‌ఈఎల్ (2025 చివర్లో పేరు మారింది) వంటివి ఉన్నాయి. సొంత సిమ్యులేటర్ (కృత్రిమ ఎండ దీపం) మీద తీసిన అంకెకి స్పెక్ట్రమ్ సవరణ (దీపం వెలుతురుకీ అసలు ఎండకీ ఉన్న రంగుల తేడా సరిచేయడం) చేశారో లేదో కూడా అడగాలి.

టెర్మినళ్ళు (కరెంటు బయటికి తీసే కొసలు) రెండా, నాలుగా? నాలుగు టెర్మినళ్ళ సెల్‌లో పై పొర, కింది పొర విడివిడిగా పని చేస్తాయి. ల్యాబ్‌లో పెద్ద అంకె తేలిగ్గా వస్తుంది, కానీ ప్యానెల్ చేసేసరికి వైరింగ్ రెట్టింపు. రెండు టెర్మినళ్ళదైతే రెండు పొరల కరెంటూ సమానంగా ఉండాలి. పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు కాంతి రంగు మారి ఆ సమతూకం తప్పుతుంది.

ఇక అన్నిటికంటే పెద్దది తేమ. ప్యానెళ్ళ అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61215లో డ్యాంప్ హీట్ (తేమతో కూడిన వేడి) పరీక్ష: 85 డిగ్రీలు, 85% తేమ, 1000 గంటలు. పవర్ 5% కంటే ఎక్కువ పడిపోకూడదు. సెల్‌కి కాదు, ఎన్‌క్యాప్సులేట్ చేసిన (గాలి, తేమ చొరకుండా మూసిన) మినీ మాడ్యూల్‌కి (చిన్న ప్యానెల్‌కి) ఎన్ని గంటలు చేశారో అడగండి. 300 గంటలని చెబితే ఆ నిజాయితీని మెచ్చుకోవచ్చు. గాలి తగలకుండా నైట్రోజన్ బాక్సులో 1000 గంటలంటే అది విశాఖకి పనికొచ్చే సమాచారం కాదు.

---

ఉప్పుగాలి · శనివారం ఉదయం 8:40

పెరోవ్‌స్కైట్ మేడమ్ చెప్పినదానికి ఒక్క చేర్పు. ఎన్‌క్యాప్సులేషన్ ఏమిటో తప్పకుండా కనుక్కోండి. ఈవీఏ తేమకి, వేడికి విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పెరోవ్‌స్కైట్‌కి అది విషం. పీఓఈ షీటు (ఈవీఏ బదులు వాడే, ఆ ఆమ్లం వదలని ప్లాస్టిక్), రెండు వైపులా అద్దం, అంచు చుట్టూ బ్యూటైల్ రబ్బరు సీలు, ఈ మూడూ ఉంటేనే ముందుకు మాట్లాడండి. లామినేటర్ (పొరలన్నీ వేడి చేసి అతికించే యంత్రం) ఉష్ణోగ్రత ఎంతో కూడా అడగండి. మామూలు సిలికాన్ ప్యానెల్‌కి వాడే 145–150 డిగ్రీల సైకిల్‌కి చాలా పెరోవ్‌స్కైట్ పొరలు తట్టుకోలేవు.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఐఈసీ 61701 సాల్ట్ మిస్ట్ (ఉప్పు తుంపర పరీక్ష) సర్టిఫికెట్ కూడా చూడాలి. అందులో తీవ్రత స్థాయులుంటాయి. సర్టిఫికెట్ ఉందా అని కాదు, ఏ స్థాయికి అని అడగాలి.

---

గాజువాక_ఈపీసీ · శనివారం మధ్యాహ్నం 1:15

పెద్దలు సైన్సు చెప్పీసారు. నేను రూపాయి చెప్తాను. అసలు విషయం ఏటంటే, ఎఫిషియెన్సీ పెరిగితే కొనేవాడికి ఎంత మిగుల్తాదో ఆ లెక్క ఏ స్టార్టప్ ప్రెజెంటేషన్‌లోనూ ఉండదు.

ఉదాహరణకి లెక్కేద్దాం. ప్లాంటు ఖర్చులో వైశాల్యాన్ని బట్టి మారేవి కొన్నున్నాయి: స్ట్రక్చరు, సివిల్, డీసీ కేబులు, బిగించే కూలీ. ఇవి వాట్‌కి 12 రూపాయలనుకోండి. ప్యానెల్ 21% నుంచి 23%కి మారితే అదే కిలోవాట్‌కి కావల్సిన వైశాల్యం 21/23కి తగ్గుతాది. 12 రూపాయలు 10.96 అవుతాది. మిగిలింది వాట్‌కి రూపాయి నాలుగు పైసలు. అంతే! కొత్త ప్యానెల్ పాతదానికంటే వాట్‌కి రూపాయి కంటే ఎక్కువ ఖరీదైతే పెద్ద ప్లాంటోడు ముట్టుకోడు. ఇన్వర్టరు, అనుమతులు, మీటరు ఖర్చు ఎఫిషియెన్సీతో తగ్గవు మరి.

మిద్దె మీద కథ కొంచెం వేరు. 2278 బై 1134 మిల్లీమీటర్ల ప్యానెల్ వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. 21% అయితే 540 వాట్లు, 23% అయితే 590 పైన. 3 కిలోవాట్లకి ఆరు బదులు ఐదు ప్యానెళ్ళు పెడితే దాదాపు సరిపోతాది. ఎంవీపీ, అక్కయ్యపాలెం అపార్టుమెంట్లలో ట్యాంకు నీడ, లిఫ్టు గది నీడ పోగా మిగిలే జాగాలో ఆ ఒక్క ప్యానెల్ జాగా చాలా విలువైంది. కాబట్టి మీ స్టార్టప్ 'మా మార్కెట్ పెద్ద సోలార్ పార్కులు' అంటే అనుమానించండి, 'ఇరుకు మిద్దెలు' అంటే వినండి.

అయితే ఇక్కడో అడ్డుగోడ ఉంది. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ రావాలంటే ప్యానెల్ దేశంలో చేసిన సెల్స్‌తో ఉండాలి, ఏఎల్‌ఎమ్‌ఎమ్ (కేంద్రం ఆమోదించిన ప్యానెళ్ళు, తయారీదారుల) జాబితాలో ఉండాలి. నెట్ మీటరింగ్‌కీ ఆ జాబితాయే అడుగుతారు. సెల్స్‌కి కూడా జాబితా 2026 జూన్ 1 నుంచి అని కేంద్రం ప్రకటించింది. బీఐఎస్ సర్టిఫికెట్ సరేసరి. పైలట్ లైన్లో రోజుకి పది ప్యానెళ్ళు చేసే కంపెనీ ఈ జాబితాలోకి ఎప్పుడొస్తాది? రానన్నాళ్ళూ ఈపీడీసీఎల్ (మన కరెంటు పంపిణీ కంపెనీ) పరిధిలో ఇంటి కస్టమరుకి అమ్మడం కుదరదు. మరి మొదటి మూడేళ్ళు ఎవరికి అమ్ముతారో రాతపూర్వకంగా అడగండి.

---

ఫ్లాష్‌టెస్టర్ · శనివారం మధ్యాహ్నం 2:02

గాజువాక గారి లెక్కకి ఇంకో వైపు. ఎఫిషియెన్సీ అంకె ఒక్కటే అయినా విశాఖలో వచ్చే యూనిట్లు ఒకటి కావు. నేమ్‌ప్లేట్ వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో కొలిచినవి. మే నెలలో మన మిద్దె మీద మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకి చేరుతుంది. 40 డిగ్రీలు ఎక్కువ.

సిలికాన్ సెల్స్‌లో మూడు రకాలు చూడండి. పర్క్ సెల్ డిగ్రీకి సుమారు 0.35% కోల్పోతుంది, అంటే 14%. టాప్‌కాన్ సుమారు 0.30 చొప్పున 12%. హెటెరోజంక్షన్ సుమారు 0.25 చొప్పున 10%. కాగితం మీద మూడూ 22% ప్యానెళ్ళే అయినా ఆ గంటలో పర్క్‌కీ హెటెరోజంక్షన్‌కీ నాలుగు శాతం తేడా. ఆ నాలుగు శాతం కోసం స్టార్టప్ వాళ్ళు ఏళ్ళ తరబడి పని చేస్తారు. కాబట్టి టెంపరేచర్ కోఎఫిషియెంట్ (డిగ్రీకి ఎంత శాతం తగ్గుతుందో) అడగకుండా ఎఫిషియెన్సీ ఒక్కటే అడగడం మన ఊళ్ళో సగం ప్రశ్నే.

ప్యానెల్‌ని చల్లబరిచే స్టార్టప్‌లు వచ్చినా ఇదే లెక్క. 60ని 45కి దించితే పర్క్‌లో 15 సార్లు 0.35, అంటే 5 శాతం పైచిలుకు. అది నడి మధ్యాహ్నం మాటే, ఏడాది సగటు అంతకంటే తక్కువ. పంపుకయ్యే కరెంటు, ఉప్పు నీళ్ళైతే గాజు మీద పేరుకునే తెల్ల పొర, రెండూ తీసేయాలి. 12, 15 అని ఎవరన్నా చెబితే ఎన్ని డిగ్రీలు దించుతున్నారని ఎదురు అడగండి.

---

కాపర్‌ప్లేటింగ్ · శనివారం సాయంత్రం 5:30

సెల్ తయారీ స్టార్టప్‌లో 50 లక్షలు పెట్టడం గురించే నాకు అభ్యంతరం. అమెరికాలో సోలిండ్రా 535 మిలియన్ డాలర్ల ప్రభుత్వ హామీ రుణంతో కూడా 2011 సెప్టెంబరులో దివాలా తీసింది. వాళ్ళ గొట్టాల ప్యానెల్ పని చేసింది, సిలికాన్ ఖరీదుగా ఉన్నన్నాళ్ళూ దానికి అర్థమూ ఉంది. సిలికాన్ ధర కూలగానే అర్థం పోయింది. హెటెరోజంక్షన్‌లో మంచి పేరున్న మేయర్ బర్గర్ కూడా 2025లో దివాలా పిటిషన్ వేసింది. ఈ రంగంలో కంపెనీలని ముంచేది చాలాసార్లు సైన్సు కాదు, పక్కవాడి ధర.

అందుకని ఉన్న ఫ్యాక్టరీ లైన్లలో ఇమిడిపోయే చిన్న మార్పులు చేసే వాళ్ళని చూడండి. టాప్‌కాన్‌లో రెండు వైపులా వెండి వాడాలి, వెండి ధర ఎంత ఎక్కితే అంత భారం. దాని బదులు రాగి పూత వేసే పద్ధతి మీద పని చేస్తున్న వాళ్ళున్నారు. ఆస్ట్రేలియాలో సన్‌డ్రైవ్ ఆ దారిలోనే ఎదిగింది. ఎలక్ట్రోల్యూమినెసెన్స్ కెమెరాతో (కరెంటు ఇస్తే సెల్ వెలిగే తీరు చూసి) మైక్రోక్రాక్ (కంటికి కనబడని పగులు) పట్టేవి, సాయిలింగ్ (మురికి) కొలిచే సెన్సర్లు, ఇవి కూడా. వీటికి 50 లక్షలు నిజంగా ఒక మెట్టు ఎక్కిస్తాయి.

---

పెరోవ్‌స్కైట్_వైజాగ్ · శనివారం సాయంత్రం 6:18

సగం ఒప్పుకుంటాను. పైలట్ లైనంటే స్లాట్ డై కోటర్, వాక్యూమ్ డిపోజిషన్, డ్రై రూమ్, లామినేటర్, అంతా కోట్లలో పని. 50 లక్షలతో అది కాదు, అవుతుందని చెప్పేవాళ్ళు తెలిసి చెప్పడం లేదు.

కానీ అదే 50 లక్షలతో ఎన్‌క్యాప్సులేట్ చేసిన మినీ మాడ్యూళ్ళు తయారు చేసి, బయటి ల్యాబ్‌లో డ్యాంప్ హీట్, థర్మల్ సైక్లింగ్ చేయించి, ఒక ఏడాది బయట ఎండలో పెట్టవచ్చు. −40 నుంచి 85 దాకా 200 సైకిళ్ళలో పొరలు ఊడుతున్నాయో లేదో తేలిపోతుంది. ఆ రిపోర్టు చేతిలో ఉంటే పెద్ద ఫండ్ వాళ్ళు తలుపు తీస్తారు. లేకపోతే తియ్యరు. మొదటి డబ్బు విలువ అక్కడే. పైగా ఇంత తేమలో, ఇంత ఎండలో బయట నిలిచిన ప్యానెల్‌కి మన దేశంలోనే కాదు, ఆగ్నేయాసియా అంతటా అడుగుతారు.

కాబట్టి ఆ కంపెనీని వదిలెయ్యమని నేను చెప్పను. పైలట్ లైన్ కోసమని అడిగితే వద్దనండి, పరీక్షల కోసమని అడిగితే కూర్చోండి.

---

సీతమ్మధార_ఐదుగురు · ఆదివారం ఉదయం 10:03

చాలా స్పష్టత వచ్చింది. కోటింగ్ వాళ్ళు సొంత ఖర్చుతో మా మిద్దె మీద టెస్టు చేసి చూపిస్తామంటున్నారు. టెస్టు ఎలా పెట్టించాలో దశలవారీగా ఎవరైనా చెబుతారా? ఇన్వర్టర్ మాత్రం ఉంది, 10 కిలోవాట్లు, రెండు ఎంపీపీటీలు (ప్యానెల్ వరసల నుంచి గరిష్ఠ పవర్ తీసే ఇన్‌పుట్లు).

---

ఫ్లాష్‌టెస్టర్ · ఆదివారం మధ్యాహ్నం 12:40

మంచి ఇన్వర్టరే, దీనికి సరిపోతుంది. కాస్త పెద్ద పోస్టు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ప్యానెళ్ళు వాళ్ళు తెచ్చినవి వద్దు. ఒకే బ్యాచ్ నుంచి 540 వాట్లవి 20 మీరే కొనండి. ఎన్‌ఏబీఎల్ (పరీక్షల ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో 20కీ ఫ్లాష్ టెస్టు (ప్రామాణిక వెలుగు మెరిపించి పవర్ కొలవడం) చేయించండి. నేమ్‌ప్లేట్ 540 అయినా 0 నుంచి +5 వాట్ల సానుకూల టాలరెన్సు ఉంటుంది, కాబట్టి కొలిచిన అంకెలే వాడాలి. దగ్గర దగ్గర పవర్ ఉన్నవి జతలు కట్టి, జతలో ఒకటి 'అ' స్ట్రింగ్‌కి (వరసగా కలిపిన ప్యానెళ్ళు), ఒకటి 'ఆ' స్ట్రింగ్‌కి. ఎనిమిదేసి చొప్పున 16. రెండు స్పేర్. మిగిలిన రెండు చీకటి గదిలో పెట్టెయ్యండి, అవి చివర్లో సాక్షులు.

బిగించేటప్పుడు 'అ' అంతా ఒక వైపు, 'ఆ' అంతా ఒక వైపు పెట్టవద్దు. సముద్రం వైపు చివర ఉన్న ప్యానెల్‌కి గాలి బాగా తగిలి చల్లగా ఉంటుంది, అదే ఒకటి రెండు శాతం తేడా తెస్తుంది. ఒకటి విడిచి ఒకటి బిగించండి: అ, ఆ, అ, ఆ. రెండు స్ట్రింగులకీ కేబుల్ పొడవు, మందం ఒకటే ఉండాలి. కనెక్టర్లు ఒకే కంపెనీవి. వేర్వేరు కంపెనీల ఎంసీ4 కనెక్టర్ల మగ, ఆడ కొసలు కలిపితే మన గాలికి ఆరు నెలల్లో లోపల పచ్చగా చిలుం పట్టి వేడెక్కుతుంది.

ప్రతి స్ట్రింగుకీ విడిగా డీసీ ఎనర్జీ మీటర్, 0.5 క్లాసు షంట్‌తో (ఇది కరెంటు కొలిచే రెసిస్టరు). ప్యానెల్ వాలులోనే ఒక పైరానోమీటర్. స్ట్రింగుకి రెండు చొప్పున ప్యానెల్ వెనక మధ్య సెల్ కింద పీటీ100 (ఉష్ణోగ్రత సెన్సర్), అల్యూమినియం టేపుతో అంటించి. నిమిషానికో రీడింగ్ లాగర్‌లో పడాలి.

మొదటి రెండు మూడు రోజులు అలా ఎండలో వదిలెయ్యండి. కొత్త సెల్ మొదటి ఎండకి కొంచెం దిగుతుంది, అది లెక్కలోకి రాకూడదు. తర్వాత నాలుగు వారాలు పూత లేకుండా నడిపి అ÷ఆ నిష్పత్తి తీయండి. ఇదే మీ సున్నా గీత. ఇది 1.000 రాదు, 1.006 రావచ్చు, 0.995 రావచ్చు. ఫర్వాలేదు, ఎంత వచ్చిందో రాసి సంతకాలు పెట్టండి.

ఇప్పుడు రెండు స్ట్రింగులూ ఒకే రోజు, ఒకే నీళ్ళతో, ఒకే మనిషి చేత కడిగించి 'అ'కి మాత్రం పూత వేయించండి. నాలుగు వారాలు. ఆ తర్వాత ఎంపీపీటీ ఇన్‌పుట్లు అటుదిటు మార్చండి. 'అ'లో కనబడిన లాభం ఎంపీపీటీతో పాటు 'ఆ'కి వెళ్ళిపోతే అది పూత లాభం కాదు, ఇన్వర్టర్ తేడా. ఇంకో నాలుగు వారాలు.

లెక్కలో ఎండ 600 వాట్లు దాటిన నిమిషాలే తీసుకోండి, ఇన్వర్టర్ గరిష్ఠానికి తగిలి క్లిప్ అయిన నిమిషాలు తీసెయ్యండి. ఇలా చేస్తే ఒక శాతం తేడా కూడా కనిపిస్తుంది. 12 నిజమైతే మొదటి వారంలోనే కళ్ళకి కడుతుంది.

దుమ్ము ఆపడం గురించి విడిగా తేల్చాలంటే తర్వాత రెండు స్ట్రింగులనీ నెలన్నర ముట్టుకోకుండా వదలాలి. అది డిసెంబరు నుంచి మార్చి మధ్యలో చెయ్యాలి. వానల్లో పెడితే వానే రెంటినీ కడిగేస్తుంది.

---

ఉప్పుగాలి · ఆదివారం మధ్యాహ్నం 3:25

చాలా బాగా రాశారు. దుమ్ము దగ్గర ఒక్క మాట. మన ఊళ్ళో దుమ్ము ఒక రకం కాదు. రుషికొండ, సాగర్‌నగర్ వైపు ఉప్పు తేమ. జ్ఞానాపురం, మల్కాపురం వైపు పోర్టు నుంచి బొగ్గు పొడి. ఈ రెండో చోట ప్యానెల్‌ని దగ్గరగా చూడండి: గాజు అంతా ఫర్వాలేదనిపిస్తుంది, కానీ కింది ఫ్రేమ్ అంచు పైన రెండు వేళ్ళ వెడల్పున నల్లటి కాటుక గీతలా పట్టి ఉంటుంది. వాలు 10 డిగ్రీల లోపు ఉంటే మంచు నీళ్ళు ఫ్రేమ్ దగ్గర ఆగి, ఆరి, పొడిని అక్కడే వదులుతాయి. వేలితో గీస్తే రాదు, తడి గుడ్డతో నానబెట్టి తీయాలి.

ప్యానెల్ నిలువుగా బిగించి ఉంటే ఆ గీత కింది వరస సెల్స్ అన్నిటి మీదా పడుతుంది. హాఫ్ కట్ (సగానికి కోసిన సెల్స్) ప్యానెల్‌లో కింది సగంలోని మూడు సబ్‌స్ట్రింగులూ (సెల్స్ వరసలు) ఒకేసారి దెబ్బతింటాయి. అడ్డంగా బిగిస్తే మూడింట ఒక వంతుకే పరిమితం. కోటింగ్ నిజంగా పని చేస్తుందో లేదో గాజు మధ్యలో చూడకండి, ఆ అంచు దగ్గర చూడండి. నీటి బొట్టు గుండ్రంగా జారే వీడియో అందరూ చూపిస్తారు. ఆ బొట్టు ఫ్రేమ్ దగ్గరికొచ్చి ఎక్కడికి పోతుందో చూపించరు.

రిఫ్లెక్టర్లు (ఎండని ప్యానెల్ మీదికి మళ్ళించే రేకులు), ట్రాకర్ల (ప్యానెల్‌ని సూర్యుడి వైపు తిప్పే స్టాండ్లు) స్టార్టప్ వస్తే గాలి సంగతి అడగండి. ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాల ప్రమాణం) ప్రకారం విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు ఇది. రేకు రెక్కలు అదనంగా తగిలిస్తే స్ట్రక్చర్ లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

---

సీఏ_ద్వారకానగర్ · ఆదివారం రాత్రి 8:50

సాంకేతికం తేలాక డబ్బు ఎలా పెట్టాలో నేను రాస్తాను. ఇక్కడ తప్పు చేస్తే కంపెనీ గెలిచినా మీకు ఏమీ రాదు.

తలా 10 లక్షలు ఒకరి ఖాతాలో వేసి ఆ ఒక్కరి పేరున షేర్లు తీసుకోవడం చాలామంది చేస్తారు. వద్దు. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో (ఎంపిక చేసిన కొద్దిమందికే షేర్లు ఇచ్చే పద్ధతి) డబ్బు ఎవరి పేరున షేర్లో వాళ్ళ బ్యాంకు ఖాతా నుంచే రావాలి. రిజిస్టరులో పేరు లేని నలుగురికి కంపెనీ మీద హక్కు ఉండదు. ఐదుగురి పేర్ల మీదా విడివిడిగా తీసుకోండి, లేదా ఐదుగురూ ఒక ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టుకుని దాని ద్వారా పెట్టండి. కన్వర్టిబుల్ నోట్ (తర్వాత షేర్లుగా మారే అప్పు పత్రం) ఇస్తామంటే గుర్తుంచుకోండి, అది గుర్తింపు పొందిన స్టార్టప్‌కి ఒక్కొక్కరు ఒకే విడతలో కనీసం 25 లక్షలు ఇస్తేనే కుదురుతుంది. తలా 10 లక్షలకి సీసీపీఎస్ (తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు) సరైన దారి.

చూడవలసిన వరస: కంపెనీ పీఏఎస్-4 ఆఫర్ లెటర్ మీ పేరున ఇవ్వాలి. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టు ఉండాలి. డబ్బు విడి బ్యాంకు ఖాతాలోకి వెళ్ళాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో పీఏఎస్-3 (షేర్ల కేటాయింపు వివరాల ఫారం) దాఖలు చేయాలి. అది దాఖలయ్యే దాకా మీ డబ్బు ముట్టుకోకూడదు. 60 రోజుల్లో ఇవ్వకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అదీ దాటితే 12% వడ్డీ. వాట్సాప్ గ్రూపులో అందరికీ ఆఫర్ పంపిన కంపెనీ అయితే అక్కడే ఆగిపోండి. ఈ పద్ధతిలో ప్రకటన ఇవ్వకూడదు.

50 లక్షలూ ఒకేసారి ఇవ్వకండి. మేడమ్, ఫ్లాష్‌టెస్టర్ గారు చెప్పిన పరీక్షలనే విడతలకి కట్టండి. ఒప్పందంలో 'సాంకేతిక పురోగతి సాధించినచో' లాంటి మాటలు పనికిరావు. 'ఫలానా వైశాల్యం మినీ మాడ్యూలు, బయటి ల్యాబ్ రిపోర్టు, డ్యాంప్ హీట్ 1000 గంటల తర్వాత 95% పైన' అని రాయించాలి.

పేటెంట్ ఎవరి పేరున ఉందో పేటెంట్ ఆఫీసు సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. యూనివర్సిటీలో పుట్టిన ఆవిష్కరణ అయితే చాలాసార్లు యజమాని యూనివర్సిటీయే, కంపెనీకి లైసెన్సు మాత్రమే ఉంటుంది. ఆ లైసెన్సు ప్రత్యేకమా, ఎన్నేళ్ళు, రాయల్టీ ఎంత, కాగితం చూడాలి. 'పేటెంట్ ఫైల్ చేశాం' అంటే వచ్చిందని కాదు. 2024 మార్చి 15 నుంచి దాఖలైన వాటికి 31 నెలల్లో పరీక్ష కోరకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే.

ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో 100 రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడవచ్చు. ఆస్తుల మీద చార్జ్ (అప్పుకి తాకట్టు) ఉందేమో, బ్యాలెన్స్ షీట్ దాఖలు చేస్తున్నారో లేదో తెలుస్తుంది.

పన్ను సంగతి రెండు ముక్కలు. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లని సరసమైన విలువ కంటే ఎక్కువకి అమ్మితే కంపెనీ కట్టే పన్ను) 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి లేదు. లిస్టు కాని షేర్లు 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5%.

ఇంకొకటి. హార్డ్‌వేర్ కంపెనీ తర్వాత పెద్ద రౌండ్లు ఎత్తక తప్పదు, మీ వాటా కరిగిపోతుంది. తర్వాతి రౌండులో మీ వాటా మేర కొనే హక్కు, ధర పడిపోతే వెయిటెడ్ యావరేజ్ రక్షణ (మీ షేర్ల మార్పిడి ధరనీ ఆ మేరకు తగ్గించడం), ఈ రెండూ అడగండి. బోర్డులో సీటు అడగడం కంటే ఇవి ముఖ్యం.

---

సీతమ్మధార_ఐదుగురు · బుధవారం రాత్రి 9:35

ఇద్దరికీ ప్రశ్నలు పంపాం. జవాబులొచ్చాయి.

టాండమ్ వాళ్ళు సూటిగా చెప్పారు. 28% నాలుగు టెర్మినళ్ళది, వైశాల్యం 0.09 చదరపు సెంటీమీటర్లు, స్కాన్ ఒక్క దిశలోనే. మినీ మాడ్యూల్ డ్యాంప్ హీట్ 220 గంటలు చేశారు, తర్వాత అంచు సీలు దగ్గర పసుపు రంగు తిరిగిందట. ఆ ఫోటో కూడా పంపారు.

కోటింగ్ వాళ్ళు 12 కాదు 'గరిష్ఠంగా 12' అని సవరించారు. ప్యానెళ్ళు అటు ఇటు కలిపి బిగించడానికి ఒప్పుకోలేదు, తాము పూత వేసే ప్యానెళ్ళన్నీ ఒక వైపే ఉండాలంటున్నారు.

---

పెరోవ్‌స్కైట్_వైజాగ్ · బుధవారం రాత్రి 10:10

పసుపు రంగంటే పెరోవ్‌స్కైట్ విడిపోయి లెడ్ అయొడైడ్ మిగిలింది. తేమ అంచు నుంచే వచ్చిందని కూడా ఆ ఫోటో చెబుతోంది. అంటే పాడైనది పొర కెమిస్ట్రీ కంటే ముందు సీలు. ఇది బాగుచెయ్యగలిగిన లోపం, వాళ్ళు దాచకుండా పంపారు కూడా. బ్యూటైల్ సీలు వెడల్పు ఎంతో, అంచు నుంచి పొరని ఎంత లోపలికి చెరిపారో అడగండి. అంచు దాకా పొర ఉంచితే తేమకి దారి వేసినట్టే, కనీసం ఒక సెంటీమీటరు చెరిపెయ్యాలి. మొదటి విడత 10 లక్షలు ఈ ఒక్క సమస్యకే ఇచ్చి, ఆరు మినీ మాడ్యూళ్ళు, 500 గంటలు అని పెట్టుకోండి. మూడు ప్రస్తుత సీలుతో, మూడు కొత్త సీలుతో. అన్నీ కొత్తవే చేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.

---

గాజువాక_ఈపీసీ · బుధవారం రాత్రి 10:22

కోటింగోళ్ళు ఒక వైపే కావాలంటే ఏ వైపు కావాలన్నారు? సముద్రం వైపా?

---

సీతమ్మధార_ఐదుగురు · బుధవారం రాత్రి 10:26

అవునండీ, తూర్పు పిట్టగోడ వైపు.

---

ఫ్లాష్‌టెస్టర్ · బుధవారం రాత్రి 10:41

అయితే ఇలా చెప్పండి. వాళ్ళు కోరిన వైపే ఇస్తాం, కానీ ముందు నాలుగు వారాలు పూత లేకుండా అక్కడే నడుస్తాయి, ఆ నిష్పత్తే సున్నా గీత అవుతుంది. గాలి వల్ల వచ్చే లాభమంతా ఆ గీతలోనే కలిసిపోతుంది. ఒకే ఒక్క షరతు, పీటీ100 నాలుగూ ఉండాలి, లాగర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. దీనికీ ఒప్పుకోకపోతే ఇక ప్యానెళ్ళు కొనే ఖర్చు పెట్టకండి, ఆ డబ్బు డ్యాంప్ హీట్ చాంబర్ అద్దెకి వాడండి.